చిన్నల్లుడి చెక్కుడు మిషను

అత్తగారి తరఫున అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ పెద్దల్లుడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీయడం అతని ఉద్యోగం, పెరటి రేకుల షెడ్డులో చెక్క చెక్కడం అతని ప్రాణం. అత్తగారింట్లో అద్దం చట్రం మీది తీగలు, బీరువా తలుపు మీది పిట్టలు, అన్నీ అతని ఉలి కిందినుంచి వచ్చినవే. ఎవరొచ్చినా ఆమె ముందు వాటి దగ్గరికే తీసుకెళ్లి, "మా పెద్దల్లుడి చేతిపని" అనేది. అతను వినబడనట్టు పక్కకు తిరిగేవాడు గానీ, చెవులు మాత్రం అక్కడే ఉండేవి.

అలాంటి ఇంట్లోకి చిన్నల్లుడి మిషను వచ్చిపడింది.

అత్తగారి పక్క వాటాలో ఉండే చిన్నల్లుడు జిరాక్సు మిషన్లు బాగుచేస్తాడు. పాతవాటిలోంచి కడ్డీలూ మోటార్లూ ఊడబీకి, ప్లైవుడ్డు చట్రానికి బిగించి, కంప్యూటర్లో బొమ్మ గీస్తే చెక్క మీద అదే చెక్కేసే సీఎన్‌సీ రౌటరు ఒకటి సొంతంగా తయారుచేశాడు.

"భోజనానికి కూర్చుని లేచేసరికి పువ్వు చెక్కేసింది బాబూ! మీకైతే ఎన్ని ఆదివారాలు పట్టేదో" అని అత్తగారు ఫోనులో మురిసిపోయింది. పెద్దల్లుడు చేతిలో ఉలి పక్కన పడేసి చొక్కా తొడుక్కున్నాడు.

వెళ్లాడు. చూడ్డానికి కాదు, వంక పెట్టడానికి. పొట్టు ఎగజిమ్ముతూ మిషను అటూ ఇటూ పరుగెడుతుంటే మరదలూ పిల్లలూ నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. చెక్కిన పళ్లేన్ని అతను చేతిలోకి తీసుకున్నాడు. అద్దాలకు అలవాటుపడ్డ కన్ను కదా, ఇట్టే పట్టేసింది: గుండ్రం కాదది, ఒక మూలకు సాగిన కోడిగుడ్డు.

"బాగుంది తమ్ముడూ, చాలా బాగుంది" అని నవ్వి, ఆ సంగతిని తీపిముక్కలా బుగ్గన పెట్టుకుని ఇల్లు చేరాడు.

ఆ తీపి ఎంతోసేపు నిలవలేదు. తనూ ఒకటి కట్టాలనుకున్నాడు. దానికన్నా పెద్దది, గట్టిది. దుంగల్లాంటి చెక్కలతో చట్రం, ఉక్కు పట్టాలు, మూలలన్నీ అతికినట్టు కుదిరాయి. కానీ మీట నొక్కితే ఒక మోటారు పరుగెత్తింది, రెండోది ఉన్నచోటే గుర్రుమంది. వైర్లు మార్చాడు, తిట్టాడు, మళ్లీ మార్చాడు.

"మా చెల్లెలి మొగుణ్ణి ఒక్కసారి పిలవకూడదూ?" అంది భార్య.

"ఏం, వాడి కాళ్లు పట్టుకోవాలా?"

"ఎవరి కాళ్లూ ఎవరూ పట్టుకోనక్కర్లేదు. వచ్చి వైర్లు పట్టుకుంటాడు."

వద్దన్నా ఆమె ఫోను చేసేసింది. చిన్నల్లుడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వచ్చి, జతలు తారుమారైన వైర్లు విప్పి సరిగ్గా కలిపాడు. మోటారు బుద్ధిగా తిరిగింది. అయినా అతను లేవలేదు. చట్రం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు.

"అన్నయ్యా, నాది గుండ్రం గీయమంటే గుడ్డు గీస్తోంది. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఎందుకో తెలియట్లేదు. కొత్త డిజైనని చెప్పి అందర్నీ నమ్మించాను. నువ్వొచ్చి ఓసారి చూస్తావా?"

పెద్దల్లుడికి సిగ్గేసింది. ఆ వెనకే కొత్త అసూయ పుట్టింది. తెలియదనే మాట ఇంత తేలిగ్గా ఎలా అనగలిగాడు వీడు? తన గొంతులోంచి ఆ మాట ఒక్కనాడూ పెగలలేదే!

ఆదివారం భార్యతో కలిసి వెళ్లి, టేపు పెట్టి చట్రాన్ని మూల నుంచి ఎదురుమూలకు రెండువైపులా కొలిచాడు. కొలతలు కలవలేదు, చట్రమే ఒక మూలకు ఒరిగి ఉంది. మరలు వదులుచేసి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టి, రెండూ సమానమయ్యాక బిగించాడు. ఈసారి మిషను నిండుచంద్రుణ్ణి చెక్కింది.

"మా చిన్నల్లుడి బుర్రే బుర్ర!" అంది అత్తగారు.

"సరిచేసింది అన్నయ్య, అత్తయ్యా" అన్నాడు చిన్నల్లుడు.

"అవునా! పాపం, ఆయనకి ఓపిక ఎక్కువ."

ఓపికట! పెద్దల్లుడు నవ్వలేక నవ్వి చెప్పులు వేసుకున్నాడు.

దారిలో భార్య అడిగింది. "పోనీలెండి, రెండు మిషన్లూ నడుస్తున్నాయి. ఇప్పుడైనా మనసు కుదుటపడిందా?"

అతను చొక్కా మీది చెక్కపొట్టు దులుపుకున్నాడు.

"వాడిది మనదానికన్నా తక్కువ చప్పుడు చేస్తోంది, గమనించావా?" అన్నాడు.