తాళం వేసిన బడి గురించి

డెబ్భై ఏడు ఉప్పెనలో మా అక్క పోయింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో బడిపంతులమ్మ. అప్పటికి నేను గవర్నర్‌పేటలో ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దేదాన్ని. తుపాను వార్తలన్నీ నా బల్ల మీదుగానే వెళ్లాయి. ఆ ఊరి పేరు తప్పుగా పడితే దిద్ది పంపాను.

మరుసటి ఏడాది మా పాస్టరుగారు ఒక కాగితం తెచ్చిచ్చారు. పేద దేశాల అభివృద్ధి గురించి కొత్త పద్ధతిలో రాసేవాళ్లకు విదేశీ సంస్థ ఒకటి గ్రాంటు ఇస్తుందట. ఆ ఊళ్లో బయటి దేశాల సాయంతో మళ్లీ కట్టిన బడికి ఏడాదిపాటు వెళ్తాననీ, అధికారుల మాటలు కాకుండా ఊరివాళ్ల మాటలే టేపు చేసి వ్యాసాలు రాస్తాననీ దరఖాస్తు పెట్టాను. అక్క సంగతి రాయలేదు. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

గ్రాంటు వచ్చింది. ఆఫీసులో అందరూ అభినందించారు. "థాంక్సండీ" అని మళ్లీ ప్రూఫులు ముందేసుకున్నాను.

పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్లి, చివరి రెండు మైళ్లూ నడిచాను. బడి కొత్తది, సిమెంటు కప్పు. గోడకు దాతల పేర్లతో రాతిపలక. తలుపుకు తాళం. టీచర్ని ఇంకా వేయలేదట. తాళంచెవి ఒక కూలి మనిషి దగ్గరుంది. ఉప్పెనలో కూతురు పోయింది ఆమెకు. రోజూ తలుపు తీసి, ఊడ్చి, మళ్లీ వేస్తుంది.

టేప్ రికార్డరు ముందుపెట్టి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"గాలికి పిల్లల్ని ఇళ్లకి పంపలేదండీ టీచరమ్మ. నీళ్లొచ్చాక నా కూతుర్ని ఎత్తుకుని బల్ల మీదికెక్కిందంట. గోడ పడిపోయిందండీ. ఇద్దర్నీ ఒక్కచోటే తీశారు."

టేపు సరిగా తిరుగుతోందో లేదో చూసుకున్నాను. గొంతు బాగానే పడింది.

ఆ తర్వాత నెలనెలా వెళ్లాను. ప్రతిసారీ తాళం. ప్రతిసారీ అదే రాశాను: భవనం ఉంది, నల్లబల్ల ఉంది, పాఠం చెప్పే మనిషి లేదు. డబ్బు పంపినవాళ్లకు గోడలు కట్టడం తెలుసు, జీతమిచ్చి మనిషిని వేయడం ఎవరి పనో ఎవరికీ తెలియదు. రాసినవి ఇంగ్లీషులో విదేశానికీ, తెలుగులో మా పత్రికకూ వెళ్లాయి. ఉద్వేగానికి లోనుకాకుండా రాస్తున్నానని ఆ సంస్థవాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. చదివి ఫైల్లో పెట్టాను.

ఐదోసారి వెళ్లినప్పుడు ఆమె రికార్డరు వంక చూసి, "అది ఆపండమ్మా" అంది. ఆపాను.

"మీరు టీచరమ్మ చెల్లెలు కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మొదటిరోజే తెలిసింది. అదే నడక. మీరే చెప్తారని చూశాను."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. రాలేదు.

"నాకూ రాదండీ ఇప్పుడు. ఊడుస్తా ఉంటాను, అంతే," అని లేచి తీసుకెళ్లి, ఇద్దర్నీ తీసిన చోటు చూపించింది. కొత్త గోడకు అవతల, మామూలు నేల. కాసేపు ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఆ నెల వ్యాసంలో అది రాయలేదు.

వేసవి సెలవుల తర్వాత టీచర్ని వేశారు. నా రాతల వల్లో, కలెక్టరాఫీసులో ఏదో ఫైలు కదలడం వల్లో తెలియదు. ఆఖరిసారి వెళ్లేసరికి లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. కొత్త టీచరు బయటికొచ్చి, "ఎవరు కావాలండీ?" అని అడిగాడు.

"పేపరు నుంచి వచ్చానండీ," అన్నాను.

లోపలికి రమ్మని కుర్చీ వేశాడు. పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. వాళ్లెంతమంది వస్తున్నారో, పుస్తకాలు అందాయో లేదో అడిగి రాసుకున్నాను.