మా అత్త బొమ్మ దించిన సంగతి

మా అత్తకు నేనంటే పడేది కాదు. నాకూ ఆమె అంటే పడేది కాదు. ఎనభైలల్ల నస్పూర్‌ల మాది రెండు గదుల కంపెనీ క్వార్టర్. మా ఆయన బొగ్గుబాయి పనికి పోతే పొద్దంత ఇంట్ల మేమిద్దరమే. పెండ్లికి ముందు కరీంనగర్‌ల ఒక డ్రాయింగ్ సార్ దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకున్న. ఆ రంగుల పెట్టె అత్తారింటికి తెచ్చుకున్ననాటి నుంచే ఆమెకు కంటగింపు.

"సంసారం జేసే ఆడిది రంగులు కలుపుకుంట కూసుంటదా?" అనేది.

నేను పెట్టె తెరిస్తే చాలు, వచ్చి కిటికీ పక్కన పీట వేసుకొని కూసునేది. నా మీద కాపలా. గోచిపోసి కట్టిన చీర మడత కూడ కదలకుండ నన్నే చూసేది. ఇంత కదలకుండ కూసునే మనిషి ఇంకెక్కడ దొరుకుతదని నాకు ఒకనాడు తోచింది. ఆమెకు ఎదురుగ స్టాండు పెట్టి ఆమెనే గీసుడు మొదలువెట్టిన.

"ఏం గీస్తున్నవే?"

"నిన్నే, అత్తా."

"గియ్యి. ఎంత గీస్తవో నేనూ చూస్త."

మొదటి బొమ్మ తొందరగనే అయ్యింది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి చూసిండు. "అవ్వ గిట్లుంటదా?" అన్నడు. నాకు ఒళ్ళు మండింది. తెల్లారి ఆమె కూసున్నంక, చెయ్యి చాపి బ్రష్షు కాడతోని ఆమె ముఖం కొలిచిన. ఆమె పెదవులు నేను గీసినంత సన్నగ లేవు. నుదుటి మీద నేను పెట్టిన ముడత అసలు లేనే లేదు. చూసి గీసింది సగమే, మిగతాది నా కడుపుల మంట. కత్తి తీసి మొత్తం గీకేసిన. ఆమె మీద కోపం తగ్గి కాదు. అబద్ధం గీసి ఆమె ముందు ఓడిపోవుడు నాకు ఇష్టం లేకుండె.

రెండోసారి అది అత్త ముఖమని అనుకోకుండ గీసిన. వెలుగు ఎక్కడ ఆగుతది, నీడ ఎక్కడ మొదలైతది, అంతే. నల్లరంగు ముట్టలే. గడప మీద బొగ్గుదుమ్ము పేరుకునే ఊర్ల కూడ నీడ నల్లగ ఉండదు. బయటి వేపచెట్టు పచ్చదనం ఆమె గదువ కింద పడుతుండె. అదే పెట్టిన.

ఆమె లేచొచ్చి చూసింది. "నా గదువ పచ్చగున్నదేందే? నాకేమన్న కామెర్లా? గీ కన్ను చిన్నగెందుకు గీసినవ్?"

"చిన్నగనే ఉన్నది. రెప్ప వాలింది."

"మనిషి బొమ్మ దించేటోళ్ళు జర సవరిస్తరు."

"నేను సవరియ్య. లేని ముడత పెట్ట, ఉన్నది తీసెయ్య."

ఆ పూట నేను వండిన అన్నం ఆమె ముట్టలే. తెల్లారి మళ్ళ వచ్చి కూసున్నది, గదువ ఇంకింత పైకెత్తి. ఆ ఎత్తుడు కూడ గీసిన.

బొమ్మ అయినంక మా ఆయన ముందు గదిల గోడకు తగిలించిండు. "గిది అవ్వనే" అన్నడు. అత్త దాన్ని గోడ దిక్కు తిప్పేది. నేను మళ్ళ ఇటు తిప్పేదాన్ని. ఒక్క మాట అనుకోకుండ కొన్ని నెలలు గదే నడిచింది. ఆఖరికి ఆమె చిన్నకొడుకు దగ్గరికి భైంసా పోతనని మూట కట్టింది. బొమ్మను దించి పాత చీరల చుట్టింది.

"అదెందుకు అత్తా?"

"నా ముఖం నీ ఇంట్ల ఉండొద్దు."

తర్వాతి ఏడు ఒక పెండ్లికి భైంసా పోయినం. మరిది ఇంట్ల ఆ బొమ్మను పడమటి కిటికీకి ఎండ రాకుండ అడ్డం పెట్టిండ్రు, ముఖం బయటి దిక్కు.

"ఎండకు రంగు ఎగిరిపోతది" అన్న.

"పోనియ్యి. నీ రంగే గద!" అన్నది అత్త.

నేను బొమ్మను తీసి చంకల పెట్టుకున్న. ఆమె ఇంకో కొస పట్టి గుంజింది. చుట్టాలంత చూస్తుండ్రు. మా ఆయన ఉరికొచ్చి విడిపించిండు. బొమ్మ ఆమెకే దక్కింది. ఆ ఇంట్ల చాయ కూడ తాగకుండ బస్సెక్కిన.

తర్వాత చాలమందిని గీసిన. నచ్చినోళ్ళను గీసేటప్పుడే నా చెయ్యి మోసం చేస్తది. నాకు తెల్వకుండనే ఒక ముడత తక్కువైతది. అప్పుడు బ్రష్షు కింద పెట్టి ఆ మనిషితోని ఏదో ఒక లొల్లి పెట్టుకుంట. మా ఆయన మాత్రం నేనెంత తిట్టినా నవ్వుతడు. ఆయన బొమ్మ ఇప్పటికీ కుదరలే.