ఒళ్ళు వచ్చింది, మనిషి రాలేదు

మొన్న హిందూపురంలో కంటి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉండగా, నర్సమ్మ తలుపు తెరిచి చేతిలోని కాగితం చూస్తూ వరసగా పేర్లు పిలవసాగింది. నా ముందున్న పేర్లు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. డెట్టాలు వాసన మధ్య ఎక్కడినుంచో సుద్దముక్క వాసన తగిలింది. "వెంకటరాముడు" అనగానే లేచి నిలబడ్డాను గానీ, ఉన్నానమ్మా అన్న చిన్న మాట నోట రాలేదు. ఇంకేదో చెప్పాలని వెతుక్కుంటున్నాను. "ఏం మామా, సూదికే వణుకుతాండారా?" అని పక్కన కూర్చున్న కోడలు నవ్వింది. సూదికి కాదు. ఎప్పుడో కాలం చేసిన నారాయణప్ప సారుకు వణుకుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివరి మాట. ధర్మవరం బడిలో ఆయన మాకు భూగోళం చెప్పేవారు. ఆరున్నర అడుగుల మనిషి, గొంతెత్తితే కిటికీ రెక్కలు కొట్టుకునేవని మనవళ్ళకు చెప్పుకొచ్చాను. అబద్ధం. ఆయన మా అమ్మకన్నా పొట్టి. గొంతెత్తగా నేనెన్నడూ వినలేదు. మిగతా ఎత్తంతా నా భయం పెంచింది. రోజూ పెనుకొండ నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు, మొదటి పీరియడు ఆయనదే. బండి ఆలస్యమైతే పాఠానికి అంత కోత పడేది. అందుకే ఆయనకు నిమిషం మీద పిసినారితనం. వరండా మెట్టెక్కుతూనే పాఠం మొదలుపెట్టేవారు, లోపలికి వచ్చేసరికి సగం నది పారిపోయి ఉండేది. గంట కొడితే మాత్రం వాక్యం మధ్యలోనైనా సరే ఆపేసి, తర్వాతి సారు కాలంలో చిటికెడు కూడా తినకుండా వెళ్ళిపోయేవారు.

హాజరు వేయడానికి పట్టే సమయం కూడా ఆయనకు దండగే. అందుకని ఒక పద్ధతి పెట్టారు. పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనకూడదు. నిన్నటి పాఠంలోంచి ఒక ముక్క చెప్పాలి. ముందువాడు చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. చెప్పలేకపోతే ఎదురుగా కూర్చున్నా హాజరు లేదు. "ఒళ్ళు వచ్చింది, మనిషి రాలేదు" అని నెమ్మదిగా అని, రాలేదనే రాసుకునేవారు. పట్టికలో ఆఖరి పేరు నాది. నేను రాత్రంతా నూరిపోసుకున్న ముక్కలను నా ముందు వాళ్ళు ఒక్కొక్కరే తినేస్తుంటే, చెరుకుతోట తగలబడుతుంటే చూస్తున్న రైతులా కూర్చునేవాణ్ణి. స్టేషన్ వైపు నుంచి బండి కూత వినబడితే చాలు, దాచుకున్న ముక్కలను మళ్ళీ లెక్కపెట్టుకునేవాణ్ణి.

నా భయానికి ఇంకో కొస మా ఇంట్లో ఉంది. నాయన పట్టుచీరలు నేసేవాడు. అంచు నేసేటప్పుడు అంచు పోగు మోసే పక్క నాడె విసరడానికి ఇంకో మనిషి కావాలి. ఆ చెయ్యి నాదే కావాలని ఆయన కోరిక, నేను చదువుకోవాలని అమ్మ కోరిక. చివరికి నాయన ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. "ఒక్కనాడు రాలేదని రాసినట్ల తెలిసిందంటే, మగ్గం గుంతలోకి దిగాల్సిందే. మళ్ళ బడి మాట ఎత్తగూడదు."

అది నదుల పాఠం చెప్పిన మర్నాడు. సారు పేర్లు పిలవడం మొదలుపెట్టేసరికి కిటికీ దగ్గర వెలుతురు తగ్గింది. చూస్తే నాయన. పెండ్లి చీర తొందరగా కావాలట, నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. సారు పుస్తకంలోంచి తలెత్తి, "ఈ గంట నాది అప్పా. గంట కొట్టినాక నీది" అన్నారు. నాయన ఎండలో అక్కడే నిలబడ్డాడు. ఇక్కడ పేర్లు నడుస్తున్నాయి. నదులు పుట్టిన కొండలు పోయాయి, కలిసే సముద్రాలు పోయాయి, నేను దాచుకున్న ఉపనది కూడా నా ముందువాడి నోట పోయింది. నా పేరు వచ్చింది. నిమిషం వదలని మనిషి ఆ రోజు ఎందుకో ఎదురుచూశారు. నాయన కూడా చూస్తున్నాడు.

"పటంలో మన ఊరి చిత్రావతి నీలంగా ఉండాది సార్" అన్నాను చివరికి. "పొద్దున నీళ్ళకు పోయినా. ఆడ ఇసకే ఉండాది."

తరగతి గొల్లుమంది. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టేసినట్టే అనుకున్నాను. సారు నవ్వలేదు. హాజరు వేసి, పుస్తకం మూసేశారు. "మరి ఆ ఇసకలో చెలమ తవ్వితే నీళ్ళు యాడనుంచి వస్తాండాయి?" అని అడిగి, ఇక ఆ గంటంతా ఇసుక గురించే చెప్పారు. ఏరు చచ్చిపోలేదనీ, కిందికి దిగి నడుస్తోందనీ, ఆ నీళ్ళు అక్కడినుంచి... అంటుండగా గంట కొట్టింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

నాయన వెనకాలే ఇంటికి నడిచాను. సాయంత్రం దాకా నాడె విసురుతూనే ఉన్నాను. హాజరు పడినా తరగతి నవ్వింది నాయన చూశాడుగా, ఇక ఇంతే అని ప్రతి పోగుకీ అనుకున్నాను. మర్నాడు పొద్దున నేనే గుంత దగ్గరికి పోయి కూర్చోబోతే, నాయన తలెత్తకుండా అన్నాడు. "ఈడేం పని నీకు? బడికి పో. ఆ సారు నీళ్ళు యాడికి పోతాయో చెప్పకనే సగంలో నిలిపినాడు. మిగిలింది ఇనుకోనొచ్చి చెప్పు."

సారు నాయన చెయ్యి పట్టుకుని, వీణ్ణి చదివించు అని బతిమాలారని నేను చాలాచోట్ల చెప్పాను. అంత జరగలేదు. నా తరఫున ఆయన ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత బడి మానమని నాయనా అనలేదు.

నర్సమ్మ నా వైపే చూస్తోంది. ముందువాళ్ళెవరూ చెప్పనిది ఒకటి కావాలి. చుట్టూ చూశాను. "మీ గోడ గడియారం నిలిచిపోయి ఉండాదమ్మా" అన్నాను. ఆమె తలెత్తి చూసి, అవునే అనుకుంటూ నా పేరు పక్కన టిక్కు పెట్టింది. అప్పటికి గానీ నా వణుకు ఆగలేదు.