ప్లాన్‌లో లేని బొందలగడ్డ

రిటైరైన పదకొండో ఏట, పోయిన నవంబరు మొదటి వారంలో, నాకు మళ్ళీ ఒక డ్యూటీ పడింది. అడవి శాఖ వాళ్ళు సెంటినరీ కాలనీలో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మూతపడిన మా పాత బొగ్గుబాయి మీద నీటి అడవి ఒకటి తయారైంది. సందర్శకుల కోసం అందులో చెక్క వంతెన కడుతున్నారట. కంబాలు పాతే ముందు పాత సర్ఫేస్ ప్లాన్, అంటే బాయికి పైనున్న నేల పటం, సరిగ్గా ఉందని ఎవరైనా సంతకం చెయ్యాలి. దాన్ని గీసినవాణ్ణి నేనే కాబట్టి నన్ను పట్టుకున్నారు.

నేను బాయిలో చేరింది చైన్‌మన్‌గా. సర్వేయరు వెనక కొలత గొలుసు పట్టుకొని నడవడం ఆ పని. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా షిఫ్టు దిగాక పుస్తకాలు ముందేసుకొని నేర్చుకున్నదే. సర్వేయరు పరీక్ష మూడోసారికి పాసయ్యాను. కాలేజీ మొహం చూడనివాడికి రూల్సు పుస్తకమే కాలేజీ. నాకది పేజీ నంబర్లతో సహా కంఠతా వచ్చేది. ఈ సంగతి గొప్పకోసం చెప్పడం లేదు. జరిగిన తప్పుకు మూలం అక్కడే ఉంది.

గోదావరిఖని మీదుగా వాళ్ళ జీపులో పోయాం. గేటు దగ్గర పెద్ద బోర్డు. 'ప్రకృతి ప్రసాదించిన నీటి అడవి' అని రాసి కింద కొంగ బొమ్మ వేశారు. చదవగానే ఒళ్ళు మండింది. ప్రకృతి ఎవరికీ ఏమీ ప్రసాదించలేదు. కింద మేము బొగ్గు తీశాం, పైన నేల కుంగింది, వాగు వచ్చి ఆ గుంటలో కూర్చుంది. అంతే సంగతి.

తెలియనివారికి కొంచెం వివరం చెప్పాలి. భూగర్భ గనిలో పని రెండు విడతల్లో జరుగుతుంది. మొదట నిలువుగా, అడ్డంగా సొరంగాలు తవ్వుకుంటూ పోతారు. నడుమ బొగ్గును పెద్ద పెద్ద పిల్లర్లుగా వదిలేస్తారు. పైకప్పును మోసేది అవే. సరిహద్దు దాకా పోయాక, వెనక్కి వస్తూ ఆ పిల్లర్లను కూడా తీసుకుంటారు. దీన్ని డిపిల్లరింగ్ అంటారు. పిల్లరు తీసిన చోట గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి పైపుల్లోంచి దింపి నింపితే పైన నేల పెద్దగా కదలదు. నింపకుండా కప్పును కూలనిస్తే, పైన నేల మనిషిలోతు కుంగుతుంది. ఎక్కడ ఇసుక పోయాలి, ఎక్కడ కూలనివ్వాలి అన్నది పై అధికారుల నిర్ణయం. కానీ వాళ్ళ ముందుండేది సర్వేయరు ఇచ్చిన ప్లాన్. ప్లాన్‌లో ఇల్లు, రోడ్డు, కరెంటు టవరు, గుడి, మసీదు, చర్చి ఏదైనా ఉంటే కింద ఇసుక పడుతుంది. ఏమీ లేదని ఉంటే కూలనిస్తారు.

నీళ్ళలో తిప్పి చూపించే బోటు నడిపేది రఫీ. గోదావరిఖనిలో మోటారు మెకానిక్. వాళ్ళ నాన్న మా బాయిలో పంపు ఆపరేటరు. నాతోపాటు మంచిర్యాల నుంచి వచ్చిన ఒక కుటుంబం కూడా ఎక్కింది. టేకు చెట్లు నీళ్ళు తట్టుకోలేవు. ఎప్పుడో చచ్చి, బెరడు రాలి, ఎముకల్లా తెల్లగా నిలబడి ఉన్నాయి. వాటి కొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుంటున్నాయి. ఏరుమద్ది, తుమ్మ మాత్రం నీళ్ళలోనే పచ్చగా ఉన్నాయి. చూడటానికి అందంగా ఉందని ఒప్పుకోవాలి. నాకు కష్టమనిపించింది కూడా అదే.

"వెయ్యేండ్ల సంది గిట్లనే ఉన్నది మేడం గీ అడవి," అని రఫీ వాళ్ళకు చెప్తున్నాడు.

ఊరుకోలేక అన్నాను: "నువ్వు బడికి పోయే రోజులల్ల ఈడ మేకలు మేసినయి గదరా."

"మేకలు మేసిన జాగ అంటే చూడ ఎవలొస్తరు కాకా? జర నా పొట్ట మీద కొట్టకు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బోటు ఒడ్డుకు చేరేసరికి అక్కడ ఒక ముసలావిడ నిలబడి ఉంది. అడవి శాఖ సెక్షన్ ఆఫీసరు శ్రావణితో మాట్లాడుతోంది. ముప్పై ఏళ్ళ పిల్ల ఈ శ్రావణి, పనిమంతురాలు. ముసలావిడను నేను మొదట గుర్తుపట్టలేదు. ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

"గొలుసు సాబువు గదా నువ్వు? మా గుడిసె కాడ నీళ్ళు తాగినవు. యాది లేదా?"

మార్తమ్మ. బాయిలో బొగ్గు నింపే ఫిల్లరు ఏసోబు భార్య. నేను చైన్‌మన్‌గా తిరిగిన రోజుల్లో ఇక్కడ వాగు ఒడ్డున ఫిల్లర్ల గుడిసెలు ఉండేవి. తర్వాత వాళ్ళందరినీ క్వార్టర్లకు మార్చారు. ఏసోబు అంతకుముందే జబ్బుచేసి పోయాడు. గుడిసెల వెనకే బొందలగడ్డలో, అంటే శ్మశానంలో, పాతిపెట్టారు. ఏటా నవంబరు రెండున సమాధుల పండుగకు ఆవిడ వచ్చి ఒడ్డున కొవ్వొత్తి వెలిగించి పోతోందట. ఈసారి వచ్చినప్పుడు నీళ్ళలో రంగు పూసిన వెదురు గడలు చూసింది. అవి వంతెన కంబాలు పాతడానికి పెట్టిన గుర్తులు. అడిగితే ఎవరో చెప్పారు. అందుకే మళ్ళీ వచ్చింది.

"మా ఆయన మీదకెళ్ళి కంబం దించుతరా బిడ్డా?" అని శ్రావణిని అడుగుతోంది.

శ్రావణి ప్లాన్ విప్పి చూపించింది. "అవ్వా, నేను కాదంటలేను. గీ కాయిదంల బొందలగడ్డ అని ఏడ లేదు. నా చేతుల ఉన్నది గీ కాయిదమే."

"కాయిదంల లేకుంటే మా ఆయన సావనట్టేనా? మరి గిన్నేండ్ల సంది నాకు పింఛను ఎందుకిస్తున్నరు?"

శ్రావణి నా వైపు చూసింది. ప్లాన్ కింద మూలన నా సంతకం ఉంది. ఆ చోట తుప్పలు, చెట్లు గీసి, 'ఖాళీ జాగా' అని నా చేత్తోనే రాశాను.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. గుడిసెలు ఖాళీ అయిన తరవాతి ఎండాకాలం. గొలుసు వేసుకుంటూ వస్తే గుడిసెల వెనక పదిహేనో ఇరవయ్యో మట్టి దిబ్బలు కనిపించాయి. కొన్నింటి మీద సిలువలు. బాయిలో కప్పుకు ఆనించే సపోర్టు కర్రల ముక్కలతోనే చేసినవి. నా చైన్‌మన్ ఆగి, "బొందలు రాయాల్నా సార్?" అని అడిగాడు. నేను పుస్తకం ప్రకారం ఆలోచించాను. శాశ్వత కట్టడాలు చూపాలని ఉంది. ఇటుక లేదు, సిమెంటు లేదు, ప్రహరీ లేదు. "కట్టింది ఏముందిరా ఈడ? ముందుకు గుంజు," అన్నాను. పొద్దు గూకక ముందే ఆ పక్క టవరు దాకా కొలవాలన్న తొందర కూడా ఉంది. రాయొద్దని నాకు ఎవరూ చెప్పలేదు. రాసి పంపిస్తే ఎవరూ కాదనేవారు కాదు. తరవాత రెండేళ్ళకు ఆ కింద పిల్లర్లు తీశారు. ఖాళీ జాగా కాబట్టి కప్పును కూలనిచ్చారు.

శ్రావణిని పక్కకు పిలిచి చెప్పాను. బొందలగడ్డ ఉన్నమాట నిజమే, రాయనిది నేనేనని. ఆ పిల్ల అడిగిన మాట న్యాయమైనది.

"ఒక్క దగ్గర తప్పున్నదంటే, మిగతాదంతా కరెక్టేనని పైవాళ్ళు ఎట్ల నమ్మాలె సార్? ఫైలు మొత్తం వాపసు వస్తది. మీరు సంతకం చెయ్యిండ్రి. కంబాలు గా అవ్వ చెప్పిన కాడికెళ్ళి జర పక్కకు జరిపిస్త. నాది మాట."

ఆ మాట మీద నాకు అనుమానం లేదు. కానీ ఆఫీసుల్లో నోటిమాట ట్రాన్స్‌ఫర్‌తో పాటే వెళ్ళిపోతుంది. శ్రావణి తరవాత వచ్చేవాడు ప్లాన్ చూస్తాడు. ప్లాన్ 'ఖాళీ' అంటుంది. ఇంత తెలిసీ నేను గంటసేపు ఏమీ తేల్చుకోలేకపోయాను. ఆ గంటా నా బుర్రలో ఉన్నది ఏసోబు కాదు, నా సర్టిఫికెట్టు. నా ప్లాన్‌లో ఇంచు తేడా రాదని నలుగురిలో చెప్పుకొని బతికినవాణ్ణి. రాయడానికి సిగ్గుగానే ఉంది.

చివరికి, ముందు జాగా తేలుద్దామన్నాను. మార్తమ్మను బోటు ఎక్కించాం. డెబ్బై అయిదేళ్ళ మనిషి, పడవ ఊగినా జంకలేదు. సర్వేలో ఒక పద్ధతి ఉంది. తెలిసిన రెండు గుర్తుల నుంచి చూపు కలిపితే తెలియని చోటు దొరుకుతుంది. వాగు మలుపు దగ్గరి జంట ఏరుమద్దులు అలాగే ఉన్నాయి. కరెంటు టవరు ఉంది, దాని కింద మాత్రం ఇసుక పోశారు. ఏసోబు బొంద తల దగ్గర నిలబడితే ఏది ఎటు వైపు కనిపించేదో మార్తమ్మను అడిగాను.

"మద్దులు నా ఎడమ చెయ్యికి. టవరు ఎదురుంగ, జర కుడికి. ఇంక లోపలికి పోనీ రఫీ. ఇంక. ఇగ ఆపు."

రఫీ మోటారు ఆపేశాడు. నేను గడ దించి చూశాను. మనిషిలోతుకు పైనే ఉంది, అడుగున మెత్తటి ఒండ్రు. రంగు పూసిన వెదురు గడలు రెండు మాకు చెయ్యిచాపు దూరంలో ఉన్నాయి. అక్కడి నుంచి మార్తమ్మ నాలుగు వైపులా చూపించిన దాన్నిబట్టి బొందలగడ్డ ఎంతమేర ఉందో తేలింది. ఈ అందాజు చూపులతో ఏ బొంద ఎవరిదో మాత్రం కచ్చితంగా చెప్పలేకపోయాను. సిలువలు ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటాయి. ఆవిడకు కావలసింది ఆ ఒక్క చోటు.

నీళ్ళలోకి చూస్తూ అడిగింది: "గప్పుడు నువ్వు రాసి ఉంటే ఇసుక పోసెటోళ్ళా సాబ్?"

"పోసెటోళ్ళు అక్కా."

"గంతేనా. ఒక్క మాట రాస్తె అయిపోతుండె."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. రఫీని వెనక్కి తిప్పమంది.

ఒడ్డుకు వచ్చాక ప్లాన్ తీసుకున్నాను. గని ప్లాన్‌లో దేన్నీ రబ్బరుతో చెరపకూడదు. తప్పు అలాగే ఉంచి, దిద్దుబాటు పక్కన గీసి, తేదీ వేసి సంతకం చెయ్యాలి. ఎర్ర సిరాతో హద్దు గీశాను. లోపల సిలువ గుర్తు వేసి రాశాను: 'బొందలగడ్డ. మొదటి సర్వే నాడు ఉన్నది. చూసి కూడా రాయలేదు.' ప్లాన్ అంతా సరిగ్గా ఉందన్న కాగితం మీద సంతకం పెట్టలేదు. శ్రావణి ఆ రెండు ముక్కలూ చదివి, "ఇట్ల ఎవలు రాసుకుంటరు సార్," అని మాత్రం అంది.

శ్రావణి అన్నట్టే ఫైలు వాపసు వచ్చింది. కొత్తగా కొలిచారు. మూడు నెలల తరవాత వంతెన గీతను తూర్పుకు, బొందలగడ్డ హద్దు బయటికి మార్చారు. ఆ మూడు నెలలూ బోట్లు ఆపేశారు. రఫీ తన మెకానిక్ షెడ్డులోనే ఉన్నాడు. నాకు ఫోన్ చెయ్యలేదు. బోర్డు మీది మాట మార్చమని రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఇప్పుడు ఆదివారాలు గోదావరిఖని నుంచి షేర్ ఆటోలు నిండుగా పోతున్నాయట. పోనీ. చూడదగిన చోటే. అది ఎట్లా తయారైందో చెప్పి చూపిస్తే ఇంకా బాగుంటుంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఇప్పుడు మిషన్లు ఉన్నాయి, కొలత తప్పడం తక్కువ. వాళ్ళకు ఒకటే చెప్తాను. ప్లాన్ మీద 'ఖాళీ జాగా' అని రాసే ముందు, అక్కడ బతికిన మనిషిని ఒకరిని వెతికి అడగాలి. వాళ్ళు వేరే చోటికి మారి ఉంటే అక్కడికి పోయి అడగాలి. గుడిసెల వాళ్ళు మారిన క్వార్టర్లు మా సర్వే ఆఫీసుకు నడిచిపోయేంత దూరం. నేను పోలేదు.