మైదానం తెర, పొడుగాటి తీగ

నారపల్లి బాలరాజు సంపాదన మొదలైంది బోడుప్పల్‌లో కేబుల్ టీవీ లైన్లు లాగే పనితో. డాబాల మీదుగా, వేపకొమ్మల మధ్యగా తీగ లాగి, బొమ్మ మసకబారిన చోట సిగ్నల్‌ను పెంచే ఒక ఆంప్లిఫయర్ డబ్బా బిగించి వచ్చేవాడు. "బాలన్న వస్తే బొమ్మ వస్తది" అని కాలనీల్లో పేరుండేది. ఇంటింటికీ డిష్‌లు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉండబట్టి, నాచారంలో పెద్ద పెద్ద ఎల్‌ఈడీ తెరలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్‌కు కుదిరాడు.

అక్కడ సర్క్యూట్లు గీసేది తారామణి. వాళ్ల నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద తెనాలి నుంచి ఉప్పల్ వచ్చి స్థిరపడ్డాడు. తారామణి ఉప్పల్‌లోనే పుట్టి, ఉప్పల్‌లోనే చదువుకుంది. మాట మాత్రం ఇంట్లో మాట్లాడే తెనాలి మాటే.

2011 వానాకాలంలో కంపెనీకి ఒక ప్రైవేటు ఆటల మైదానం నుంచి ఆర్డరు వచ్చింది. ఒక చివర కంట్రోల్ రూము, ఎదురు చివర తెర, నడుమ గోడ వెంబడి పొడుగాటి తీగ. కంపెనీ బల్ల మీద మూరెడు తీగతో చూసినప్పుడు బొమ్మ అద్దంలా ఉంది. మైదానంలో బిగించాక మాత్రం వింతగా ప్రవర్తించింది. స్కోరు అంకెలు వేస్తే బాగుంది. కెమెరా జనం వైపు తిప్పితే చాలు, తెర నిండా తెల్లటి చుక్కలు చిటపటలాడాయి.

బాలరాజు నవ్వేశాడు. "గిది నాకెరుకైన రోగమే మేడం. దూరం పోయినకొద్ది సిగ్నల్ తగ్గుతది. నడుమల ఆంప్లిఫయర్ వేస్తే ఫికరే ఉండదు."

"తగ్గడం ఒక్కటే అయితే అంకెలు కూడా చెడాలి కదండీ? జనం బొమ్మే ఎందుకు చెడుతోంది?" అంది తారామణి. బాలరాజు అప్పటికే సంచిలోంచి ఆంప్లిఫయర్ డబ్బా తీస్తున్నాడు. ప్రారంభోత్సవం ముంచుకొస్తోంది. యజమాని రామ్మోహనరావు, "అనుభవమున్న మనిషి చెబుతున్నాడు కదమ్మా, కానివ్వండి" అన్నాడు. తీగ నడుమ డబ్బా బిగించారు.

ప్రారంభం రోజున ఆడపిల్లల కబడ్డీ ఫైనల్. ఆఖరి కూతకు వెళ్లిన పిల్ల ముగ్గుర్ని అంటి గీత తాకింది. జనం లేచి నిలబడ్డారు. కెమెరా వాళ్ల మీదికి తిరిగింది. తెర చుక్కలతో ఆగలేదు, అడ్డంగా చీలికలై, ఆపైన నల్లబడిపోయింది. స్టాండులో ఈలలు మొదలయ్యాయి. మైదానం వాళ్లు అందరి ముందే, "మీ డబ్బా మీరు పట్టుకుపోండి" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బాలరాజు ఆంప్లిఫయర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పదేళ్లు అన్నం పెట్టిన విద్య తనను నిలువునా ముంచిందనిపించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద రాస్తారోకోకు బాలరాజు కూడా వెళ్లి కూర్చున్నాడు. కంపెనీ క్యాంటీన్‌లో ఎవరూ చెప్పకుండానే బల్లలు రెండుగా చీలాయి. తారామణి ఏ బల్లకూ రాలేదు, టిఫిన్ డబ్బా తన సీటు దగ్గరే విప్పుకునేది.

ఒకరోజు క్యాంటీన్‌లో వెల్డర్ బిక్షపతి అన్నాడు: "ఆంధ్రోళ్ల సర్క్యూట్ గదా, మన గ్రౌండ్ల ఎట్ల నడుస్తది?"

అందరూ నవ్వారు. బాలరాజుకు నవ్వు రాలేదు. "సర్క్యూట్ ఆమెదే గానీ ఆంప్లిఫయర్ నాది. నా పేరు పెట్టి నవ్వుండ్రి" అని ప్లేటు అక్కడే వదిలి లేచాడు.

నేరుగా తారామణి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "మేడం, ఆ తీగ మొత్తం ఈడ పరిసి సూద్దామా?"

ఆమె తలెత్తి చూసింది. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. మీరేమనుకుంటారో అని ఆగాను."

షెడ్డు వెనుక ఖాళీ జాగాలో తీగచుట్ట మొత్తం విప్పి, గోడ పొడవునా మూడుసార్లు తిప్పారు. తారామణి ఒక కొసన సిగ్నల్ పంపుతుంటే బాలరాజు ఇంకో కొసన, సిగ్నల్‌ను గీతలుగా చూపే స్కోప్ ముందు కూర్చున్నాడు. మాటలన్నీ సెల్‌ఫోన్‌లోనే.

"ఒకట్లు, సున్నాలు మార్చి మార్చి పంపుతున్నాను. ఎలా ఉంది?"

"జర వంగింది గానీ సమంగనే ఉంది మేడం."

"ఇప్పుడు వరసగా ఒకట్లు పంపి, మధ్యలో ఒక్క సున్నా వేస్తున్నాను. చూడండి."

బాలరాజు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సున్నా కిందిదాకా దిగుతలేదు! సగం దిగేలోపలనే మళ్ల పైకి లేస్తున్నది. నడిమి గీత దాటే టైమే మారిపోతున్నది."

తారామణి ఫోను పెట్టేసి పరుగున వచ్చింది. స్కోప్ తెర మీద గీతలు ఒకదాని పక్కన ఒకటి జరుగుతూ వణుకుతున్నాయి. "ఇదే జిట్టర్" అందామె. "తీగ మన సిగ్నల్‌ని తగ్గించడమే కాదు, దాని అంచుల్ని కూడా సాగదీస్తోంది. ముందు ఏం వెళ్లిందో దాన్నిబట్టి వెనకది ముందుగానో ఆలస్యంగానో చేరుతోంది. అంకెల బొమ్మలో ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది, నెట్టుకొచ్చింది. జనం బొమ్మలో ఏ రెండు వరసలూ ఒక్కలా ఉండవు."

"మరి నా ఆంప్లిఫయర్?"

"వణుకును కూడా పెంచి పంపింది."

బాలరాజు తీగ వెంట సగం దూరం దాకా చూశాడు. "డబ్బా నడుమల పెట్టుడు మాత్రం తప్పు గాదు మేడం. సగం దూరంల ఇంకా సాఫ్‌గనే ఉంటది గదా. ఆడ ఒకట్లు సున్నాలు సదివి, మళ్ల కొత్తగ రాసి పంపే డబ్బా అయితే?"

"తీగ టైము కాకుండా దాని సొంత గడియారం చూసుకుని పంపాలి, అంతే" అంటూ ఆమె అప్పుడే కాగితం లాక్కుంది.

మొదటి డబ్బా వేడెక్కి ఆగిపోయింది. రెండోది నిలబడింది. మైదానం వాళ్లను మళ్లీ ఒప్పించడానికి రామ్మోహనరావు చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి ఒక స్కూలు ఆటల పోటీకి ఒప్పుకున్నారు. ఆ రోజు తెర మీద తమ మొహాలు తామే చూసుకుని పిల్లలు గంతులేస్తుంటే, బాలరాజు చుక్క కోసం వెతికి వెతికి కళ్లు నొప్పి తెచ్చుకున్నాడు. ఒక్కటీ కనబడలేదు.

2014లో రాష్ట్రం వచ్చిన రోజున అతను కంపెనీలో అందరికీ లడ్డూలు పంచాడు. తారామణి రెండు తీసుకుంది. "ఇంక నువ్వు విజయవాడ పోతవా అక్కా?" అని బిక్షపతి అడిగితే, "అక్కడ నాకెవరున్నారు? ఈ ఎండలూ ఈ ట్రాఫిక్కూ నా ప్రాణానికి అలవాటైపోయాయి" అంది.

ఆ ఏడాదే రామ్మోహనరావు వయసు మీద పడి కంపెనీ మూసేశాడు. బాలరాజూ తారామణీ కలిసి నాచారంలోనే ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ఆ నడిమి డబ్బాలే చేయడం మొదలుపెట్టారు.

"ఆమె ఆంధ్రామె గదరా, పొత్తు కుదురుతదా?" అని బాలరాజు తల్లి సత్తమ్మ అడిగింది.

"కొట్లాడుతం అమ్మా, రోజు కొట్లాడుతం" అన్నాడతను చెప్పులు వేసుకుంటూ. "గానీ పని ఆగదు."

మొదటి ఆర్డరు నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాలు నుంచి వచ్చింది. ఆ పొద్దు వాన దంచికొడుతోంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద తీగచుట్టను తడవకుండా పట్టుకుని, తాము మాత్రం తడిసి ముద్దయి, హాలు మెట్లెక్కారు.