దావీదు మామ సాక్ష్యం

మొన్న కావలి నుంచి వస్తూ బోగోలు దగ్గర బస్సు కిటికీ తెరిచానో లేదో, రొయ్యల గుంటల ఉప్పు బురద వాసన, దాని వెంటే డీజిలు వాసన గుప్పున కొట్టాయి. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంకాస్త ముందుకు వంగాను. మా పక్కింటి దావీదు మామ ఒంటి మీద ఎప్పుడూ ఉండే వాసన అది. రక్తసంబంధం లేకపోయినా మా అమ్మను అక్కా అని పిలిచేవాడు, అందుకని నాకు మామ. గుంటల్లో నీళ్లు చిలికే యంత్రాలు బాగుచేయడం ఆయన పని. ఒకప్పుడు తాగి రోడ్డు పక్కన పడిపోయేవాడట. నాకు ఊహ తెలిసేసరికి మానేశాడు.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రసంగం. తుఫాను తప్పిందనీ, పాము కాలి పక్క నుంచే పోయిందనీ ఏకరువు పెట్టేవాళ్లు. మామ మాత్రం లేచి, "ఈ వారం దేవుడు నన్ను మందు ముట్టకుండా కాపాడినాడు. వచ్చే వారానికి ప్రార్థన చెయ్యండి" అని కూర్చునేవాడు. సంఘపెద్దలకు అది నచ్చేది కాదు. "తాగుడు నుంచి శాశ్వతంగా విడుదలైనానని చెప్పవయ్యా, విశ్వాసం లేదా నీకు?" అనేవారు. ఆయన నవ్వి, మళ్లీ ఆదివారం అదే మాట చెప్పేవాడు. నాకా, నోటి దురద ఎక్కువ. "ఏంది మామా, ప్రతివారం అదే పాత పాటా?" అన్నానొకసారి. "అన్నం గూడా పాతదే గదా పాపా! నిన్న తిన్నానని ఈరోజు మానుకుంటావా?" అన్నాడు. మా అమ్మ పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

పదో తరగతి పరీక్షలకు నన్ను తన బండి మీదే తీసుకెళ్లాడు. సెంటర్లో మందు షాపు ఉందని, కాలవ కట్ట మీద గతుకుల్లో ఎముకలు కదిలిపోయేలా చుట్టూ తిప్పేవాడు. "దేవుడు కాపాడతాడంటావు, మళ్లా ఈ భయమేంది మామా?" అని విసుక్కున్నాను. "నా బలం మీద నమ్మకముంటే షాపు ముందరనే పోయేవాణ్ణి. నేను నమ్ముకునింది ఆయన్ని, అందుకే చుట్టు తిరిగి పోతా ఉండా" అన్నాడు. ఆ మాట నాకప్పుడు సాకులాగే తోచింది.

ఆ ఎండాకాలమే మామ భార్య రూతమ్మత్త జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. వాళ్లకు పిల్లలు లేరు. మా వైపు సమాధి చేసి వచ్చాక మగవాళ్లు మందు తాగడం మామూలు. బాప్తిస్మాలు పొందినా ఆ అలవాటు మమ్మల్ని వదల్లేదు. అత్త తమ్ముడు మామ వాకిట్లోకి సీసా తెచ్చాడు. పాపం, అతనూ ఏడుస్తూనే ఉన్నాడు. మామ ఆ సీసా వంక చూసిన చూపు నా కంట పడింది. ఆయన చప్పున లేచి, మట్టి చేతులతోనే మా ఇంటికొచ్చాడు.

"అక్కా, నన్ను లోపల పెట్టి బయట గడియ వెయ్యి. నేనెంత అరిచినా తియ్యబాక."

అమ్మ తలుపు మూసింది. నేను గడప మీద కూర్చున్నాను. వెనకే అత్త తమ్ముడు వచ్చాడు. "బావను పంపించు వదినా, ఈ ఒక్కరోజు తాగనీ. లేకుంటే గుండె పగిలి పోతాడు" అని బతిమాలాడు. అమ్మ అతనికి మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి పంపేసింది.

లోపల మామ ప్రార్థన మొదలైంది. చర్చిలో వినిపించే పెద్ద పెద్ద మాటలేవీ అందులో లేవు. "అయ్యా, నాకు తాగాలనిపిస్తా ఉండాది. శానా అనిపిస్తా ఉండాది. రూతును తీసుకోనిపోతివి. నీ మీద కోపంగా గూడా ఉండాది. నన్ను మాత్రం వదలబాక." దేవుడితో అలా మాట్లాడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. కూర్చున్నచోటే వెక్కివెక్కి ఏడ్చాను.

కాసేపటికి వెనక్కి ఆనుకోబోతే తలుపు కదిలింది. తలెత్తి చూస్తే గడియ వేసి లేదు! "అమ్మా, గడియ మరిచిపోయినావే!" అని గుసగుసలాడాను. అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "పెళ్లాన్ని పూడ్చి వచ్చినోణ్ణి దొంగను మూసినట్టు మూసేదానికి నాకు చేతులు రాలేదే. నోరు మూసుకోని ప్రార్థన చెయ్యి" అంది.

పొద్దు వాలేసరికి బయట సందడి సద్దుమణిగింది. అమ్మ గంజి తీసుకెళ్లి, "గడియ వెయ్యలేదు దావీదూ, తప్పు చేసినానో ఏమో" అంది.

"తెలుసక్కా. చప్పుడు వినపడలా" అన్నాడు మామ. "తలుపు దాకా వచ్చినా. చెయ్యి గూడా పెట్టినా."

"మరి?" అన్నాను, ఆగలేక.

"అవతల నువ్వు ఏడుస్తా ఉంటివి పాపా. దేవుడు గడియ వెయ్యలా. నిన్ను కూర్చోబెట్టినాడు."

మామ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకు తెలిసినవాళ్ల ఇంట్లో చావొచ్చినా, తాగుడుతో గొడవైనా, చెప్పడానికి మాట దొరక్కపోయినా వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుంటాను. "పోయి ఏం చేస్తావక్కడ?" అని మా ఆయన విసుక్కుంటాడు. ఏమీ చెయ్యను. ఏడుపొస్తే ఏడుస్తాను, లోపలివాళ్లకు వినపడేలా.