గడ్డకి గొలుసు వేసిన పెదనాయన

ఇప్పటికీ ఏ రక్తపరీక్షల ల్యాబులోనైనా దూదికి స్పిరిటు అద్ది మోచేతి మీద రుద్దారంటే చాలు, ఆ చల్లటి ఘాటు ముక్కులోంచి దూరి నేరుగా నా పదకొండో ఏటికి వెళ్ళి తలుపు తడుతుంది. సూది పట్టుకున్న అమ్మాయి జాలిగా "భయమా సార్?" అని అడుగుతుంది. భయం కాదమ్మా, పగ. మీసాలు నెరిసినా చల్లారని, చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేని పగ.

తొంభైల్లో తిరుపతిలో గంగమ్మ గుడికి నాలుగు సందుల అవతల మా ఇల్లు. ఎండాకాలం వస్తే ఆ సందు మొత్తం ఒక పొయ్యి. పొద్దున్నే రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి, పచ్చిపులుసు. మధ్యాహ్నం గోనెసంచుల మీద పరిచిన బేనిషా మామిడిపండ్ల వాసన. సాయంత్రం బొంగరాల యుద్ధాలు, వాటిలో పగిలిన బొంగరాలకంటే పగిలిన తలలే ఎక్కువ. ఆ రాజ్యానికంతా చక్రవర్తి మా పెదనాయన. వడమాలపేట దగ్గర చెనక్కాయ చేను, మా ఎదురిల్లే ఆయనది, ఇంటి ముందు ఎత్తైన అరుగు, ఆ అరుగు మీద ఆయన, ఆయన మీద మీసం. వీధిలో ఎవరికి తుమ్ము వచ్చినా ముందు ఆయనకి చెప్పి తర్వాత తుమ్మాలి. మా నాయన తన జీవితంలో అన్న ముందు పూర్తిగా పలికిన వాక్యం ఒక్కటే: "సరే న్నా."

ఒక ఆదివారం అమ్మ నాకు తలకి నూనె పెడుతూ చెవి కింద చెయ్యి ఆపింది. మెడ పక్కన చింతగింజంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. పెదనాయన రెండు వేళ్ళతో నొక్కి, కళ్ళు మూసుకుని, ఆకాశవాణిలా ప్రకటించాడు.

"గవదబిళ్ళ. బంగారం ఎయ్యండి, అణిగిపోతాది."

మా వైపు అది ఆచారం. గవదలు వచ్చిన పిల్లల మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు తగ్గుతుందని అరవదేశం సరిహద్దు దాకా అందరి నమ్మకం. పెద్దమ్మ తన మూడు వరసల గొలుసు తీసి నా మెడలో వేసింది. దాన్ని వేసుకుని గోలీలాడితే, గోలీ కొట్టడానికి వంగినప్పుడల్లా గొలుసు నేలని ఊడ్చేది. గడ్డ మాత్రం నగలు చూసి మురిసిపోయినట్టు పెరిగింది. చింతగింజ ఉసిరికాయ అయింది, ఉసిరికాయ నిమ్మకాయ అయింది, దాని పక్కన ఇంకో రెండు పుట్టాయి. అప్పుడు మావాళ్ళు ఏం చేశారు? డాక్టరు దగ్గరికి పోలేదు. గొలుసు చేసిన ఆచారి దగ్గరికి పోయారు!

"రాగి ఎంత కలిపినావప్పా దీంట్లో? బిడ్డకి పన్జేయకుండా ఉండాది!" అని పెదనాయన అంగట్లో నిలబడి అరిచాడు. ఆచారి గీటురాయి తీసి, గొలుసు గీసి, మేలిమి అని నిరూపించాడు. గడ్డది తప్పు, గొలుసుది కాదని ఆ రోజు తేలింది.

తర్వాత మద్రాసు. బస్సు వడమాలపేట, పుత్తూరు దాటుతుంటే అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఏమైందంటే కంట్లో దుమ్ము అంది. పెద్దాసుపత్రిలో గడ్డలో ముక్క కోసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చినప్పటి నుంచి ఇంట్లో అందరి కళ్ళల్లోనూ దుమ్మే. నేను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఏం జబ్బని అడిగితే నాయన "నీరు పట్టినాది" అన్నాడు, పెద్దమ్మ "దిష్టి" అంది, పెదనాయన "నోర్మూసుకోని మందు తాగు" అన్నాడు. నా మెడ, నా గడ్డ, నాకు తప్ప ఊరందరికీ తెలుసు. నా పగకి బీజం పడింది అక్కడే.

మందు ఎక్కించిన కొన్నాళ్ళకి జుట్టు మొత్తం రాలిపోయింది. ఇంకే ఊళ్ళోనైనా పదకొండేళ్ళ పిల్లాడి బోడితల చూసి అయ్యో అంటారు. తిరుపతిలో ప్రతి మూడో తలా గుండే! బస్సులో పక్కనున్నవాళ్ళు చేతులు జోడించి "దర్శనం బాగా అయిందా నాయనా?" అని అడిగేవారు. బాగా అయిందని చెప్పి, వాళ్ళ దగ్గరున్న లడ్డులో ముక్క కూడా తినేవాడిని.

రెండోసారి మద్రాసు వెళ్ళినప్పుడు డాక్టరమ్మని నిలదీశాను. తెల్లజుట్టు, ముక్కున రెండు పక్కలా ముక్కుపుడకలు, తమిళం కలిసిన తెలుగు. "నాకేం జబ్బు? ఎవురూ చెప్పరు" అన్నాను. ఆమె మా నాయనని కాఫీ తాగి రమ్మని పంపేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"దీని పేరు లింఫోమా. ఒక మాదిరి క్యాన్సరు. మందుకి బాగా లొంగే రకం. కానీ మందు పూర్తిగా వేసుకోవాలి, సరియా? గడ్డ కరిగిపోతుంది, అందరూ అయిపోయిందంటారు. నువ్వు నమ్మకూడదు. కంటికి కనపడనిది లోపల ఉంటుంది. నీవు అడుగు, నేను చెప్తాను."

అడిగాను. వాంతులెందుకు, జుట్టు మళ్ళీ వస్తుందా, తెల్లకణాలంటే ఏంటి, అవి ఎప్పుడు తగ్గుతాయి, ఎప్పుడు పెరుగుతాయి, నేను చచ్చిపోతానా. చివరిదానికి కూడా ఆమె నవ్వలేదు, దాటవేయలేదు. "మందు మధ్యలో ఆపితే ఆ భయం ఉంది" అంది. నేను బయటికి వచ్చేటప్పటికి నా ఛాతీ నాలుగు అంగుళాలు పెరిగింది. శత్రువు పేరు తెలిసింది మరి!

ఆమె చెప్పినట్టే గడ్డ కరిగింది. ఆమె చెప్పినట్టే పెదనాయన నా మెడ తడిమి తీర్పిచ్చాడు.

"గడ్డే లేదు, ఇంగ మందెందుకు? బిడ్డ సగమైపొయినాడు. చాలు. జాతరకి మొక్కు చెల్లించేసి నిలిపేద్దాం."

"సరే న్నా" అన్నాడు నాయన.

నేను అరిచాను, ఏడ్చాను, లింఫోమా అన్నాను. ఆ మాటకి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెదనాయన మాత్రం నన్ను ఎత్తుకొని అరుగు మీద కూర్చోబెట్టి, "నీకేం తెలుసురా గుండోడా" అన్నాడు. ఆయన కళ్ళల్లో ప్రేమ ఉంది. ఆ ప్రేమే నన్ను చంపబోతోందని ఆ వీధిలో నాకొక్కడికే తెలుసు.

అప్పుడొచ్చింది గంగజాతర. తెలియనివాళ్ళకి చెబుతాను: జాతరలో బండవేషం రోజున ఒంటికి కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని, ఎవరు ఎవర్నైనా తిట్టచ్చు. అచ్చులో పెట్టలేని తిట్లు. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు, అది అమ్మవారి మాట. తెల్లకణాలు తక్కువున్నప్పుడు జనంలో తిరిగితే జబ్బులు అంటుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది. అవి పెరిగాయని అంతకుముందే రక్తపరీక్షలో చూసుకున్నాను, అయినా గుంపులోకి పోలేదు. మా గుమ్మంలోనే కుంకుమ పూసుకుని ఎదురింటి అరుగు ముందు నిలబడ్డాను. నున్నటి బోడితల మీద కుంకుమ పడి ఎండకి మెరుస్తుంటే సూర్యుడే సిగ్గుపడి మబ్బు చాటుకి పోయాడు.

"ఒరేయ్ మీసాలోడా!" అన్నాను. వీధి మొత్తం ఆగింది. "గడ్డకి గొలుసేసి పెండ్లి జేసినోడా! దానికి బిడ్డలు పుట్టినంక ఆచారితో కొట్లాడినోడా! నీ చేన్లో గరికని పైపైన కోసేసి, పొయిందని ఇంటికొస్తావా? వేరుండాదా లేదా? చెప్పు! నా మెడలో వేరు నీ వేళ్ళకి తగుల్తాదా? నువ్వేం డాక్టరువా, డాక్టరు ఇంటి దూడవా?"

ఆ తర్వాతి పావుగంట రాయను. ఈ పుస్తకం ఆడపిల్లలు, ముసలివాళ్ళు కూడా చదువుతారు. వీధి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పెదనాయన మొహం నా ఒంటికంటే ఎర్రబడింది. లేవబోయాడు. వెనక నుంచి పెద్దమ్మ ఆయన భుజం నొక్కి పట్టింది.

"కూసో. తిడతా ఉండేది వాడు గాదు. అమ్మ."

పెదనాయన కూర్చున్నాడు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"బస్సు ఎప్పుడురా?" అన్నాడు.

మద్రాసుకి తనే వచ్చాడు. డాక్టరమ్మ ముందు ఆయన్ని కూర్చోబెట్టి, నేను అడిగిన ప్రతి ప్రశ్నా ఆయన చేత మళ్ళీ అడిగించాను. ఎంత కమ్మగా ఉందో ఆ శిక్ష! మందు పూర్తయ్యేదాకా ఒక్క విడత కూడా తప్పలేదు.

జుట్టు వచ్చింది, మీసం వచ్చింది, అయినా ఏటా బండవేషం రోజున వెళ్ళి తిట్టేవాడిని. ఆయన పొద్దుటి నుంచే తెల్లపంచె కట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉండేవాడు. ఆయన బతికిన చివరి ఏడాది చెవులు సరిగా పనిచేయక, "గట్టిగా తిట్టరా, సగం ఇనపళ్ళేదు" అన్నాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగులన్నీ పోయాయి. మామిడిపండ్ల వాసనలు పోయాయి, బొంగరాలు పోయాయి. పెదనాయన ఇల్లున్న చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. మొన్నటి జాతరకి కుంకుమ పూసుకుని, అలవాటు చంపుకోలేక దాని ముందు నిలబడి గొంతు చించుకుని మొదలుపెట్టాను. అంగడాయన చిరునవ్వుతో బయటికి వచ్చి, చెయ్యెత్తి ఆపాడు.

"భలే ఉండాది సార్! ఇంగోసారి మొదట్నుంచి చెప్తారా, వీడియో తీసుకుంటా."

వేపమండ అక్కడే పడేసి వచ్చేశాను.